కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

(కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి స్మృతిలో నవా రాయపూర్‌లో చేసిన ఉపన్యాస పాఠం)

దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని తెలుగునాడుకు వెలుపల ఉన్న ఈ నగరంలో స్మరించుకోవడంలో గొప్ప ఔచిత్యం ఉంది. ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. కానీ తెలుగువారికి ఆయన ఇచ్చిన వాటిలో మొదట చెప్పుకోవలసిన రెండూ తెలుగు నేల మీద పుట్టలేదు. 1893లో అమృతాంజనం, 1908లో ఆంధ్రపత్రిక, రెండింటి పుట్టిల్లూ బొంబాయే. ఒకటి తలనొప్పికి మందు, మరొకటి వారపత్రిక. మందు అమ్మిన డబ్బు పత్రికను నిలబెట్టింది. పత్రిక ఒక జాతికి తన పేరు తాను పలకడం నేర్పింది. వ్యాపార ప్రకటనకూ మన ఆత్మగౌరవానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించదలచినవారికి ఇంతకన్నా తగిన మొదలు దొరకదు.

ఈ సభలో ఉన్న కుటుంబాలు వేరువేరు దారుల్లో ఇక్కడికి చేరాయి. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా రైలుమార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు ఈ మైదానం పొరుగూరైంది. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక ఉక్కు కొలువుల కోసం వచ్చినవారున్నారు. దక్షిణ బస్తర్‌లో కోంటా, భోపాలపట్నం వైపు తెలుగును వలస వచ్చిన భాష అనడానికే వీల్లేదు. తరతరాలుగా అక్కడ పలుకుతున్న భాషల్లో అదొకటి. బస్తర్ రాజవంశం తన మూలాలను ఓరుగల్లు కాకతీయుల్లో చెప్పుకుంది. ఇన్ని చరిత్రలున్న మనుషులను ఉత్తరాది చాలాకాలం ఒకే మాటతో పిలిచింది: మద్రాసీ. ఇప్పుడు ఆ మాట కొంత వెనక్కి తగ్గి, సౌత్ వాళ్ళు అన్న మాట ముందుకు వచ్చింది. మనం ఎవరమని మనలో మనం అనుకుంటామో, ఎదుటివాళ్ళు మనల్ని ఎవరని పిలుస్తారో, ఈ రెంటి మధ్యా ఉన్న దూరంలోనే మన స్వీయచిత్రం తయారవుతుంది. పత్రిక, సినిమా, టీవీ, ఫోను, వాటన్నిటినీ పోషించే వ్యాపార ప్రకటన ఆ దూరంలో ఏ పని చేస్తున్నాయన్నది నేటి ప్రసంగ విషయం.

మాధ్యమాలను అద్దంతో పోల్చడం మనకు అలవాటు. పత్రిక సమాజానికి దర్పణం అంటాం. సినిమా జీవితానికి ప్రతిబింబం అంటాం. ఈ పోలిక చాలదని నా మనవి. అద్దానికి ఎదుటి మనిషి మీద అభిప్రాయం ఉండదు. మాధ్యమాలు, వాటిలోనూ ప్రకటనలు, మన చేతిలో పెట్టేది కొలబద్ద. ముఖం మనదే, భాష మనదే, ఊరు మనదే. అవి ఎంతకు సరితూగుతాయన్న లెక్క మాత్రం బయటి నుంచి వస్తుంది. ఒకసారి ఆ లెక్క ఒంటబట్టాక మనల్ని కొలవడానికి ఎవరూ రానక్కరలేదు; మనమే పొద్దున్నే లేచి కొలుచుకుంటాం. అందువల్ల ప్రతి మాధ్యమాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కొలబద్ద మీద గీతలు ఎవరు గీశారు? కొలిచాక తీర్పు చెప్పే అధికారం ఎవరిది? మనం తక్కువ తూగితే లాభం ఎవరికి? గత నూరేళ్ళ పైచిలుకు చరిత్రను ఈ ప్రశ్నల వెలుగులో చూస్తే, మాధ్యమాలు మనిషిని పెంచిన సందర్భాలేవో, కుదించిన సందర్భాలేవో విడివిడిగా కనిపిస్తాయి.

మొదట అమృతాంజనాన్నే చూద్దాం. తలనొప్పి వచ్చిన మనిషికి ఆ సంగతి ఏ ప్రకటనా చెప్పనక్కరలేదు. పసుపుపచ్చని లేపనాన్ని కణతలకు రాసుకుంటే చుర్రుమంటుంది, కాసేపటికి నొప్పి తగ్గిందో లేదో తెలుస్తుంది. తగ్గకపోతే మరోసారి కొనరు. ప్రకటన ఎంత గొప్పగా చెప్పినా చివరి తీర్పు కొన్నవాడి నుదుటిదే. ఇక్కడ నొప్పి ప్రకటనకు ముందే ఉంది. ప్రకటన ఆ నొప్పికి దారి చూపింది, అంతే. దీన్ని మనం ఒక పరీక్షగా నిలుపుకోవచ్చు: ప్రకటన తీరుస్తానంటున్న బాధ ఆ ప్రకటన చూడకముందు మనకు ఉందా? ఉంటే అది సరుకు గురించిన సమాచారం. లేకపోతే సరుకుతోపాటు బాధను కూడా మనకు అమ్ముతున్నారన్నమాట. ఈ పరీక్షలో నెగ్గే ప్రకటనలు నేటికీ లేకపోలేదు. ప్రకటన అన్నదే పాపం అన్న వాదంతో అందుకే నేను ఏకీభవించను.

పంతులు గారి రెండో సృష్టిలో ఇంకా లోతైన పాఠం ఉంది. 1908 నాటికి తెలుగు మాట్లాడేవారు మద్రాసు రాజధానిలో, నిజాం రాజ్యంలో, మైసూరు సంస్థానంలో, మధ్యపరగణాల్లో చెదిరి ఉన్నారు. జిల్లాపేరుతో, కులంపేరుతో, వృత్తిపేరుతో తమను చెప్పుకునే మనుషులను ఆంధ్రులారా అని ఒకే సంబోధనతో పిలవడం అప్పటికి కొత్త. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు చేరి దినపత్రిక అయింది. మధ్యలో, 1913లో, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. 1937లో రాయలసీమకూ కోస్తాకూ ఒప్పందం కుదిరినప్పుడు దానికి వేదిక మద్రాసులో పంతులు గారి ఇల్లు శ్రీబాగ్. ఆ ఇంటి పేరే ఒప్పందానికి వచ్చింది. పత్రిక ఒక్కటే ఇదంతా చేసిందనడం అతిశయోక్తి. అయితే పత్రిక లేకుండా ఇది జరిగేదనడం అంతకన్నా పెద్ద అతిశయోక్తి. తెలుగువాడు తన భాషలో ప్రపంచ వార్త చదివినప్పుడు అతనికి వార్తతోపాటు మరొకటి అందింది: తన భాష ప్రపంచాన్ని మోయగలదన్న నమ్మకం. ఆ కొలబద్ద మీద గీతలు గీసినవారూ, దానితో కొలుచుకున్నవారూ ఒకే భాషవారు. ఆ నమ్మకం మొదట వలస నగరంలో రూపుకట్టుకోవడం యాదృచ్ఛికం కాదు. చుట్టూ వేరే భాష వినిపిస్తున్నప్పుడే మన భాష మనకు విడిగా వినిపిస్తుంది. రాయపూర్ తెలుగువారికి ఇది వివరించనక్కరలేదు.

అయితే స్మారకోపన్యాసం స్తోత్రపాఠం కారాదు. అచ్చులో తయారైన ఆ ఆంధ్రత్వానికి దాని కొలత దానికి ఉంది. చదువు వచ్చినవారి భాష, కోస్తా జిల్లాల నుడికారం అందులో ప్రమాణమయ్యాయి. ఆ ప్రమాణంతో కొలిస్తే నిజాం రాజ్యపు తెలుగువారు తక్కువ తూగారు. తెలంగాణలో కవులే లేరన్న మాట అచ్చులోకి ఎక్కింది. దానికి వచ్చిన జవాబు మన మాధ్యమ చరిత్రలో అపురూపమైనది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి వాదనకు దిగి ఊరుకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో 354 మంది తెలంగాణ కవులు ఉన్నారు. పేరు పేరునా, ఊరు ఊరునా లెక్క చూపిన ఆ పుస్తకం ఒక జాబితాలా కనిపిస్తుంది. నిజానికి అది ఒక ప్రాంతం తన కొలబద్దను తన చేతిలోకి తీసుకున్న ఘట్టం. మాధ్యమం చేసిన గాయానికి మాధ్యమంతోనే మందు వేయవచ్చునని, అందుకు ఆవేశంతోపాటు ఓపికైన సేకరణ కావాలని ఆ సంచిక నిరూపించింది.

స్త్రీల విషయంలోనూ ఇదే పెనుగులాట. 1928లో డాక్టర్ కె.ఎన్.కేసరి మద్రాసులో గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. స్త్రీల కోసం లోధ్ర అన్న మందును తయారుచేసి అమ్మినదీ ఆయనే. మందు కొనేదీ పత్రిక చదివేదీ ఒకే స్త్రీ కావడం ఇక్కడి విశేషం. పత్రిక పేరే ఒక కొలత: స్త్రీ అంటే ఇంటికి లక్ష్మి. అయినా ఆ పేరు గీసిన గిరిలోపలే కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు వచ్చాయి. రచయిత్రులకు స్వర్ణకంకణ సత్కారాలు జరిగాయి. చదివే స్త్రీ రాసే స్త్రీగా మారినప్పుడు కొలబద్ద మీద కొన్ని గీతలైనా ఆమె చేత్తో పడ్డాయి. ఇదే సూత్రం అరవై ఏళ్ళ తరువాత నెల్లూరు జిల్లా దూబగుంటలో మరింత బలంగా రుజువైంది. అక్షరాస్యత తరగతుల్లో సారా వల్ల చితికిన సంసారాల కథను పాఠంగా చదివిన స్త్రీలు అది తమ కథేనని గుర్తుపట్టారు. సారా దుకాణాన్ని మూయించారు. ఆ పోరాటమే మళ్ళీ మరో పాఠమై ఇతర ఊళ్ళకు చేరింది, పత్రికలు దాన్ని రాష్ట్రమంతటికీ మోశాయి. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. ఒక పలచని వాచకం, అందులో తమ బతుకు. అంతకుమించి ఖర్చు లేని మాధ్యమం ఒక ప్రభుత్వ విధానాన్ని మార్చింది.

ఇప్పుడు మన దృష్టిని 1975 మీద నిలుపుదాం. ఆ ఏడాది ఈ నేలకు సంబంధించిన మూడు సంగతులు దాదాపు ఒకేసారి జరిగాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే నేటి వాదం మొత్తం అందులో ఇమిడి ఉంది. మొదటిది ఉపగ్రహ విద్యా టెలివిజన్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి సరిగ్గా ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు దేశం టీవీని పంపింది. ఇటు రాయపూర్ ప్రాంతపు పల్లెలు, అటు తెలంగాణ పల్లెలు ఆ పటంలో ఉన్నాయి. కోళ్ళగూటి జాలీ లాంటి తీగవలతో చేసిన పది అడుగుల గిన్నె, ఊరుమ్మడి స్థలంలో ఒక పెట్టె, చీకటిపడ్డాక దాని ముందు చేరిన జనం. అందులో వ్యాపార ప్రకటన లేదు. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లలకు విజ్ఞానం ఉన్నాయి. ఉద్దేశం ఉదాత్తమైనది, కానీ కొలత అక్కడా ఉంది. ఆ పెట్టె పల్లెవాసిని ఇంకా నేర్చుకోవలసినవాడిగానే చూసింది. రాయపూర్ పల్లెకు అది హిందీలో మాట్లాడింది, ఆ పల్లె మాట్లాడుకునే ఛత్తీస్‌గఢీలో కాదు. ప్రకటనలు తీసేస్తే మాధ్యమం దానంతటదే నిర్మలమవుతుందన్న ఊహకు ఈ ప్రయోగమే సమాధానం. సర్కారు చేతిలోనూ కొలబద్ద కొలబద్దే.

రెండో సంగతి బజారులో జరిగింది. అదే 1975లో హిందుస్తాన్ లీవర్ సంస్థ ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీమును భారత మార్కెట్లోకి తెచ్చింది. 1976 జనవరి 1 నుంచి దూరదర్శన్ వ్యాపార ప్రకటనలకు తలుపు తీసింది. ఆ తరువాతి దశాబ్దాల్లో ఈ క్రీము ప్రకటనల ఆకృతి దేశమంతటికీ కంఠస్థమైంది: చామనఛాయ అమ్మాయి, ఎదురైన చిన్నచూపు, ట్యూబు, కొన్ని వారాల గడువు, తెల్లబడిన ముఖం, తెరుచుకున్న తలుపు. ట్యూబు మీద ఒకే అమ్మాయి రెండు ముఖాలు. దానితోపాటు వచ్చే ఛాయల పట్టీ ఒకటి ఉండేది. అది ఒక చిన్న కాగితం ముక్క; ముదురు రంగు నుంచి లేత రంగు దాకా మెట్లుమెట్లుగా ముఖాలు. ముఖం పక్కన పెట్టి, ఈ వారం ఏ మెట్టు మీద ఉన్నామో చూసుకోవడం దాని ఉపయోగం. నేను ఇంతసేపూ కొలబద్ద అన్నది అలంకారంగా అన్నాను. ఇక్కడ అలంకారం అక్కరలేదు. అది అక్షరాలా కొలబద్ద. దాని గీతలు గీసినది కంపెనీ. తీర్పు చెప్పేది పెళ్ళిచూపుల వారూ, ఉద్యోగమిచ్చేవారూ. అమ్మాయి తక్కువ తూగినంతకాలం లాభం మళ్ళీ కంపెనీదే. అమృతాంజనం రాసుకున్న మనిషి తన నొప్పి తగ్గిందని తానే చెప్పగలడు. ఈ క్రీము రాసుకున్న మనిషి ఇతరుల కళ్ళలోకి చూసి తెలుసుకోవాలి.

మూడో సంగతి రంగస్థలం మీద జరిగింది. 1923లో రాయపూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్, ఛత్తీస్‌గఢ్ జానపద నాటకరూపమైన నాచా కళాకారులతో పనిచేస్తూ 1975లో చరణ్‌దాస్ చోర్ నాటకాన్ని రూపొందించారు. విజయదాన్ దేథా రాసిన రాజస్థానీ కథ దానికి ఆధారం. పల్లె కళాకారుల చేత హిందీ పలికించినంతకాలం వారి ఒళ్ళు బిగుసుకుపోయేదని, వారి పలుకులోనే మాట్లాడనిచ్చాక వారి నటన విచ్చుకుందని తన్వీర్ స్వయంగా గుర్తుచేసుకున్నారు. అంతకుముందు తప్పు ఎక్కడుంది? నటుల్లో లేదు, వారిని కొలిచిన భాషలో ఉంది. 1982లో ఎడిన్‌బరో నాటకోత్సవంలో ఆ నాటకం ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం గెలుచుకుంది; అక్కడి ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ రాదు. ఆ భాషను ఈ రాష్ట్ర శాసనసభ రాజభాషగా గుర్తించినది 2007లో. ఒక నాటక బృందం చూపిన గౌరవానికి ప్రభుత్వ ముద్ర పడడానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఒకే ఏడాది, ఒకే నేల మీద, సర్కారు కొలత ఒకటి, బజారు కొలత ఒకటి, మనిషి తన గొంతుతో తాను నిలబడిన వేదిక ఒకటి. తరువాతి యాభై ఏళ్ళలో వీటిలో దేనికి ఎంత ధనబలం దొరికిందో చూస్తే మన స్వీయచిత్రం ఎందుకు ఇలా ఉందో అర్థమవుతుంది.

దీనికి పూర్వపక్షాలు ఉన్నాయి, బలమైనవే ఉన్నాయి. మొదటిది: తెల్లని మేని మోజు క్రీముతో పుట్టిందా? ప్రకటన ఉన్న కోరికనే పట్టుకుంది కదా? నిజమే. నలుపు నారాయణుడు మెచ్చు అన్న సామెత మనకు ఉంది. సాటి మనుషులు మెచ్చడం లేదు గనుకనే నారాయణుణ్ణి సాక్ష్యానికి పిలవవలసి వచ్చింది. ప్రకటన శూన్యంలో విత్తదు. అయితే అది పాత మోజును ఉన్నదున్నట్టు అమ్మలేదు. దాని స్వభావాన్నే మార్చింది. పూర్వం మేనిఛాయ పుట్టుకతో వచ్చినది. దానికి ఎవరూ బాధ్యులు కారు. ప్రకటన దాన్ని ఇన్ని వారాల్లో మార్చుకోగల విషయంగా చేసింది. మార్చుకోగలిగినది మార్చుకోకపోతే అది విధి కాదు, నిర్లక్ష్యం. ఈ మలుపు చాలా సూక్ష్మమైనది. అవమానించినవాడి మీద ఉండవలసిన నేరం అవమానపడిన అమ్మాయి మీదికి జరిగింది. చామనఛాయ అన్న మెత్తని మాటకు మన భాషలో ఒక చోటు ఉండేది. ఛాయల పట్టీ మీద అది దిగువ మెట్టు మాత్రమే.

రెండో పూర్వపక్షం: జనం అమాయకులు కారు, నచ్చితే కొంటారు, లేకపోతే లేదు. ఇదీ సగం నిజం. కోట్లు కుమ్మరించిన ప్రకటనలు బోల్తాపడిన ఉదాహరణలు వ్యాపార చరిత్రలో కొల్లలు. సరుకు విషయంలో కొనేవాడికి స్వేచ్ఛ ఉంది. కొలత విషయంలో లేదు. క్రీము కొనని అమ్మాయిని కూడా పెళ్ళిచూపుల్లో ఆ కొలతతోనే చూస్తారు. టీవీ లేని ఇంటి పిల్లనూ బడిలో ఆ కొలతతోనే పిలుస్తారు. ప్రకటన ప్రభావాన్ని అమ్మకాల లెక్కతో అంచనా వేయడం అందుకే పొరపాటు. కొనకుండా తిరస్కరించినవారు కూడా దాని పరిధిలోనే జీవిస్తున్నారు. తిరస్కారానికి విలువ లేదని నా ఉద్దేశం కాదు. 2017లో ఫిదా సినిమాలో బాన్సువాడ భానుమతిగా నటించిన సాయిపల్లవి, ఆ తరువాత ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదన్నానని, ఇది మన రంగని బహిరంగంగా చెప్పారు. తెరమీద కనిపించే మనిషి అన్నందువల్లే ఆ మాట లక్షలమందికి చేరింది. కొలత నుంచి ఒక్కరు తప్పుకుంటే అది వ్యక్తిగత నిర్ణయం. అందరూ చూస్తుండగా తప్పుకుంటే అది మరో కొలతకు ప్రారంభం.

మూడో పూర్వపక్షం పంతులు గారి జీవితం నుంచే వస్తుంది: ప్రకటనల డబ్బు లేకుండా పత్రిక బతకదు గదా, అన్నం పెట్టే చేతిని నిందించడం న్యాయమా? దీనికి సమాధానం ఆయన పద్ధతిలోనే ఉంది. ఆయన మందు అమ్మి పత్రికను పోషించారు. తరువాతి కాలపు మాధ్యమం తనను చదివేవారి కళ్ళనే సరుకుదారులకు అమ్మి బతుకుతుంది. అచ్చు ఖర్చు కన్నా తక్కువకు పత్రిక మన ఇంటికి వస్తోందంటే, ఆ తేడాను మరెవరో చెల్లిస్తున్నారు. వారికి కావలసినది మన తృప్తి కాదు. తృప్తిపడినవాడు కొనడు. ఉన్నవాటితో కుదురుగా ఉన్న ఇల్లు ఈ వ్యాపారానికి పనికిరాదు. అందుకని పాఠకుడు చందా కట్టడం, గ్రంథాలయం పత్రిక తెప్పించడం చిన్న విషయాలు కావు. మాధ్యమం ఎవరికి జవాబు చెప్పాలో నిర్ణయించేవి అవే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది చేయగలిగినదే క్లుప్తం. మాయమందుల ప్రకటనలను అదుపు చేసే చట్టం 1954లోనే వచ్చింది. 1985లో ప్రకటనల రంగం తన నియంత్రణ మండలిని తానే ఏర్పరచుకుంది. ముదురు రంగును లోపంగా చూపరాదని ఆ మండలి 2014లో నియమం పెట్టింది. ఒక మహిళా సంఘం పట్టుబట్టి ఫిర్యాదు చేయడం వల్ల 2003లో ఒక క్రీము ప్రకటన ప్రసారం ఆగింది. 2019లో ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు మీది జంట ముఖాలు, ఛాయల పట్టీ పోయాయి. 2020లో నల్లజాతివారి ఉద్యమం ప్రపంచాన్ని కుదిపినప్పుడు క్రీము పేరులోంచి తెలుపును సూచించే మాట కూడా పోయి, దాని స్థానంలో మెరుపు వచ్చింది. ఇవన్నీ మేలే. కానీ మాట మారిన నాడే కొలత మారదు. చట్టం అబద్ధాన్ని పట్టుకోగలదు, కోరికను పట్టుకోలేదు.

ఇక రాయపూర్ తెలుగు బిడ్డ చూస్తున్న తెర దగ్గరికి వద్దాం. ఒక తరం క్రితం ఇక్కడి బడిలో తెలుగు పేరు నవ్వులపాలయ్యేది. 2015లో బాహుబలి, 2021లో పుష్ప, 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చాక అదే బడిలో తెలుగు హీరో పేరు గొప్ప. ఇది చిన్న మార్పు కాదు. దీన్ని తక్కువ చేయను. అయితే ఆ గొప్ప ఏ గొంతుతో వచ్చిందో గమనించాలి. పుష్ప తెలుగులో చిత్తూరు యాసలో మాట్లాడతాడు. ఎర్రచందనం కూలీ బతుకు, ఆ కొండల గాలి ఆ యాసలో ఉన్నాయి. హిందీలో ఆ పాత్రకు మరో నటుడి గొంతు. ఆ హిందీకి చిత్తూరు ఎక్కడో తెలియదు. నడక, గడ్డం కింద చెయ్యి మిగిలాయి, ఊరు రాలిపోయింది. రాయపూర్ పిల్లవాడు తన తెలుగుదనాన్ని హిందీలో ప్రేమిస్తున్నాడు. తెలుగు సినిమా లోపల కూడా ఈ కథ ఒకసారి జరిగింది. దశాబ్దాలపాటు తెలంగాణ మాట తెరమీద హాస్యగాడికో దుర్మార్గుడికో దక్కింది. నాయిక నోట అది గౌరవంగా పలకడానికి ఫిదా లాంటి సినిమాలు, ఊరంతా ఆ మాటతోనే నిండడానికి 2023లో బలగం రావలసివచ్చింది. పొరుగువాడు మెచ్చితే వచ్చే గర్వం తియ్యగానే ఉంటుంది, కానీ అతని మెప్పు అతని చేతిలోనే ఉంటుంది.

చివరి పూర్వపక్షం నేటిది: ఇప్పుడు ఫోను అందరి చేతిలో ఉంది, ఎవరి మాధ్యమం వారిదే, కనుక కొలబద్ద జనం చేతికి తిరిగి వచ్చేసింది కదా? బస్తర్ కుర్రవాడు గోండీలో, శ్రీకాకుళం అమ్మాయి తన యాసలో వీడియో చేసి లోకానికి చూపగలగడం నిజంగా గొప్ప అవకాశం. కానీ ఫోను కెమెరాను ముఖం వైపు తిప్పి చూడండి. చాలా ఫోన్లలో మనం అడగకముందే చర్మం నునుపవుతుంది, ఛాయ ఒక మెట్టు తేలుతుంది. ఛాయల పట్టీ ట్యూబు డబ్బాలోంచి మాయమై కెమెరాలో చేరింది. పెట్టిన ప్రతి బొమ్మ కిందా ఒక అంకె ఉంటుంది, అది గంటగంటకూ మారుతుంది. పూర్వం ప్రకటన మనకు సరుకును చూపేది. ఇప్పుడు మనల్ని మనమే సరుకుగా పేర్చుకుని, మనకు మనమే ప్రకటన రాసుకుంటున్నాం. గీతలు మాత్రం ఇంకా మనం గీసినవి కావు.

మనం చేయగలిగినది ఏమిటి? ఈ సభ పరిధికి అందేదే చెబుతాను. నూరేళ్ళ చరిత్రలో కొలత చేతులు మారిన ప్రతిచోటా జరిగింది ఒకటే: కొలవబడుతున్నవారు సొంత మాటతో, సొంత లెక్కతో ముందుకు వచ్చారు. 354 మంది కవుల జాబితా అలాంటిది; దూబగుంట వాచకం, నాచా నటుల పలుకు అలాంటివే. ఛత్తీస్‌గఢ్ తెలుగువారి చరిత్రను, రైలు కాలనీల, ఉక్కు కొలువుల, గోదావరి ఒడ్డు పల్లెల కథలను సేకరించి అచ్చువేయడం ఆ కోవలోని పని. రెండోది ఇంకా చిన్నది, ఇంకా దగ్గరిది. 2020లో, క్రీము పేరు మారిన రోజుల్లోనే, ఒక పెద్ద పెళ్ళి సంబంధాల వెబ్‌సైటు మేనిఛాయను బట్టి సంబంధాలను వెతికే గడిని తొలగించింది. వాడుకరులు సంతకాలు చేసి అడిగారు, తీసేసింది. మన సంఘాలు, మన వధూవర పరిచయ వేదికలు నింపించుకునే పత్రాల్లో ఎత్తు, చదువు, జీతం వరుసలో రంగు అన్న గడి ఇంకా కనిపిస్తుంది. దాన్ని ఏ కంపెనీ అచ్చువేసి పంపలేదు. ఏ ప్రకటనదారుకూ దానిలో వాటా లేదు. ఆ గీత మన చేతులతో గీసినది. పంతులు గారి పేరు మీద జరిగిన ఈ సాయంత్రానికి గుర్తుగా, ఇక్కడున్న పెద్దలు తమ తమ సంఘాల తదుపరి సమావేశంలో ఆ పత్రాన్ని ఒకసారి బయటికి తీయాలని, ఆ గడి ఎవరి నొప్పిని తీరుస్తోందో అడగాలని మనవి.